కేసు ఫైలుతో రానివ్వండి

జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పనిచేసే సోషల్ వర్కర్ శిక్షణకు బయలుదేరిందంటే, ఆమె సంచిలో నోటుపుస్తకం, మంచినీళ్ళ సీసాతో పాటు ఒకటో రెండో కేసు ఫైళ్ళు కూడా ఉంటాయి. ఆపదలో ఉన్న పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ కమిటీకి ఇవ్వాల్సిన నివేదిక ఒకటి, దారిలో పోలీసు స్టేషన్‌లో సంతకం పెట్టించుకోవాల్సిన కాగితం ఇంకొకటి. రోజంతా శిక్షణ జరుగుతుంది. బాలల హక్కుల మీద, చట్టాల మీద, కౌన్సెలింగ్ మీద ఉపన్యాసాలు వింటుంది. ఆ ఫైళ్ళు మాత్రం సంచిలోంచి బయటికి రావు. వాటి సంగతి ఆమెను ఎవరూ అడగరు.

ఆ ఫైలు తెరిపించని వర్క్‌షాప్ వల్ల ఆమెకు గానీ, ఆమె చూసుకుంటున్న పిల్లలకు గానీ ఒరిగేది చాలా తక్కువ. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి కొంతకాలం ఆసుపత్రిలో, ఆ తరవాత బాలల పరిరక్షణలో పనిచేసి, ఇప్పుడు శిక్షణలు ఇచ్చే పక్షాన నిలబడ్డ మనిషిగా ఈ మాట అంటున్నాను.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ వృత్తిలో చదువు డిగ్రీతో ఆగితే కుదరదు. 2010లో ఎంఎస్‌డబ్ల్యూ పూర్తి చేసినవారినే తీసుకోండి. వారు చదువుకునే నాటికి, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టమే లేదు. అది 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. వారు చదివిన జువెనైల్ జస్టిస్ చట్టం (సంరక్షణ కావాల్సిన పిల్లలకూ, నేరంలో చిక్కుకున్న పిల్లలకూ వర్తించేది) 2000 నాటిది. దాని స్థానంలో 2015 చట్టం వచ్చింది, 2021లో దానికీ సవరణ జరిగింది. ఆ సవరణ 2022 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చాక దత్తత ఉత్తర్వులు కోర్టు నుంచి కలెక్టరు చేతికి మారాయి. వికలాంగుల చట్టంలో అప్పుడు గుర్తించిన వైకల్యాలు ఏడు. 2016 చట్టంలో ఇరవై ఒకటి. మెజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలాన్ని, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ నంబరుతో, అందరూ 'వన్ సిక్స్టీ ఫోర్' అనే పిలిచేవారు. 2024 జూలై 1 నుంచి అది, ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 183వ సెక్షన్. పదిహేనేళ్ళలో పుస్తకం మొత్తం మారిపోయింది.

ఈ మార్పులు తెలియడం ఎంత అవసరమో ఆసుపత్రి వార్డులో నిలబడితే అర్థమవుతుంది. పురుగుల మందు తాగిన కుర్రవాణ్ణి తీసుకొచ్చిన తల్లి 'మంచినీళ్ళనుకుని తాగాడమ్మా' అంటుంది. పోలీసు కేసు అవుతుందని, కొడుకును జైల్లో వేస్తారని ఆమె భయం. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, అతన్ని శిక్షించకూడదని, సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి తెలిసిన మెడికల్ సోషల్ వర్కర్ ఆ తల్లి పక్కన కూర్చుని 'నీ కొడుకును ఎవరూ శిక్షించరమ్మా, ఏం జరిగిందో చెప్పు' అనగలుగుతుంది. తెలియనివారు 'పొరపాటున తాగాడు' అని రాసుకుని వెళ్ళిపోతారు. కుర్రవాడు అదే ఇంటికి, అదే అప్పుకు, అదే ఒంటరితనానికి తిరిగి వెళతాడు.

కాబట్టి చట్టం తెలియాలి. అయితే దానికి వందమందిని రాష్ట్రం నలుమూలల నుంచి బస్సులెక్కించి రప్పించాల్సిన పని లేదు. సెక్షన్లు మారాయంటే తెలుగులో నాలుగు పేజీల కరపత్రం వేసి పంపవచ్చు, ఫోనులో వినగలిగే పాఠం చేయవచ్చు, ఒకటికి రెండుసార్లు చదువుకోమనవచ్చు. ఒంటరిగా చదివి నేర్చుకోలేనిది ఏదో, దానికోసమే మనుషులను ఒక చోటికి పిలవాలి. పిల్లతో మాట్లాడటం అలాంటిది. తల్లి ఏడుస్తూ అడ్డం తిరిగినప్పుడు ఏం చేయాలన్నది అలాంటిది. రెండు మార్గాలూ నష్టమే అనిపించే చోట ఒకటి ఎంచుకోవడం అలాంటిది.

పిల్లతో మాట్లాడటం గురించే కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే వర్క్‌షాపుల బలమూ బలహీనతా ఇక్కడ బాగా కనిపిస్తాయి. లైంగిక హింసకు గురైన పిల్లను 'మామయ్య నిన్ను ఇక్కడ ముట్టుకున్నాడా?' అని అడగకూడదని శిక్షణ పొందిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అలా అడిగితే పిల్ల అవునంటుంది లేదా కాదంటుంది. కోర్టులో ఎదుటి పక్షం వకీలు 'ఈ మాట పిల్లకు అందించిందే మీరు' అంటాడు. 'ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు', 'ఆ తరవాత?', 'ఇందాక తలుపు అన్నావు, దాని గురించి ఇంకొంచెం చెప్పు' - ఇలా వెళ్ళాలి. వాంగ్మూలాన్ని పిల్ల చెప్పిన మాటల్లోనే రాయాలని పోక్సో చట్టం కూడా అంటోంది. స్లయిడు మీద ఇది ఒక్క వాక్యం. అందరూ రాసుకుంటారు.

ఇప్పుడు ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. హింస ఊసే వద్దు. 'నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి బయలుదేరినప్పటి నుంచి నిద్రపోయేదాకా ఏం జరిగిందో ఎదుటివారి చేత చెప్పించండి. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్న ఒక్కటి కూడా వేయకూడదు' అనండి. రెండో ప్రశ్నకే 'బస్సులో వెళ్ళారా?' అని వచ్చేస్తుంది. అడిగినవారు నాలిక్కరుచుకుంటారు. మళ్ళీ మొదలుపెడతారు, మళ్ళీ 'ఇంటికెళ్ళాక వంట చేశారా?' అని పడిపోతారు. అనుభవం లేకపోవడం వల్ల ఇలా జరగడం లేదు; ఏళ్ళ తరబడి పిల్లలతో పనిచేసినవారికీ ఇలాగే జరుగుతుంది. మౌనం రెండు క్షణాలు సాగితే దాన్ని మన మాటతో నింపేయడం మనకు అలవాటు. ఆ అలవాటు ఉపన్యాసంతో పోదు. ఎవరో పక్కన కూర్చుని, మన ప్రశ్నలు మనకే చదివి వినిపిస్తే పోతుంది.

అది కూడా ఒక్కసారితో పోదు. పిల్లలను విచారించే పద్ధతి మీద అమెరికాలోని జాతీయ బాలల ఆరోగ్య, మానవ వికాస సంస్థలో మైకేల్ లాంబ్, ఆయన సహచరులు చాలా ఏళ్ళు పనిచేశారు. 2002లో వాళ్ళు ప్రచురించిన ఒక పరిశోధన నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. శిక్షణ పొందిన విచారణాధికారులు, తమ ఇంటర్వ్యూల మీద ఎప్పటికప్పుడు సలహాలు అందుతున్నంత కాలం మంచి ప్రశ్నలే వేశారు. ఆ సలహాలు ఆగిపోయాక కొద్ది నెలల్లోనే పాత ధోరణికి తిరిగిపోయారు. వాళ్ళు పద్ధతి మరిచిపోయినవారు కారు, శ్రద్ధ లేనివారూ కారు. చూసి చెప్పే మనిషి లేకుండా పోయాడు, అంతే. రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి, సర్టిఫికెట్ చేతికిచ్చి, మళ్ళీ ఏడాది దాకా పలకరించని మన పద్ధతికి ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

అసలు ఈ వృత్తి చదువు పుట్టిందే పనిచేస్తున్నవారి వర్క్‌షాపుగా. 1897లో మేరీ రిచ్మండ్ అనే ఆమె, పేదల ఇళ్ళకు వెళ్ళి సాయం చేసేవారికి శిక్షణ కావాలని, దానికో పాఠశాల ఉండాలని సభలో ప్రతిపాదించింది. మరుసటి ఏడాది న్యూయార్కులో ఆరు వారాల వేసవి బడి మొదలైంది. అదే పెరిగి పెరిగి ఈనాటి కొలంబియా విశ్వవిద్యాలయపు సోషల్ వర్క్ విభాగమైంది. మన దేశంలోనూ కథ దీనికి దగ్గరే. బొంబాయి నాగ్‌పాడాలో పేదల మధ్య సేవాకేంద్రం నడిపిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ చేతుల మీదుగానే 1936లో దొరాబ్జీ టాటా పేరున సోషల్ వర్క్ పాఠశాల ఏర్పడింది; దాన్నే మనం ఇప్పుడు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్నాం. వీధిలో ఎదురైన చిక్కే తరగతి గదిలోకి నడిచింది. తరవాత తరవాత తరగతి గది పెద్దదై, వీధి నుంచి ఎదురు వచ్చే ప్రశ్నలు తగ్గిపోయాయి.

ఫైలు తెరిస్తే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. తొమ్మిదో తరగతి అమ్మాయి. ఫిర్యాదు బాబాయి మీద. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో అమ్మాయి బాలసదనంలో ఉంది. మొదట స్పష్టంగా చెప్పిన పిల్ల, కొన్ని వారాలకు 'నాకేం జరగలేదు, ఇంటికి పంపించండి' అనసాగింది. ఆ కేసు చూస్తున్న సోషల్ వర్కర్ వర్క్‌షాపులో లేచి, 'అమ్మాయి మాట మార్చింది మేడమ్, ఇప్పుడు నేను రిపోర్టులో ఏమని రాయాలి?' అని అడిగింది.

ఒకరు 'పోలీసులకు చెప్పండి, ఒత్తిడి చేస్తున్నారని' అన్నారు. ఇంకొకరు తల్లికి కౌన్సెలింగ్ ఇవ్వమన్నారు. ఇంకొక జిల్లా నుంచి వచ్చిన పెద్దావిడ మాత్రం, 'తల్లి ఎప్పుడెప్పుడు వచ్చింది? ఎవరితో వచ్చింది?' అని అడిగారు. సోషల్ వర్కర్ ఫైలు తిప్పింది. సందర్శకుల రిజిస్టరు నకలు అందులోనే ఉంది. తల్లి వచ్చిన ప్రతిసారీ పక్కన పిన్ని సంతకం ఉంది. అంటే ఎవరి మీద ఫిర్యాదు ఉందో అతని భార్య. తల్లీకూతుళ్ళు ఒంటరిగా ఒక్కసారైనా మాట్లాడుకోలేదు. ఆ కాగితం అప్పటిదాకా ఫైల్లోనే ఉంది, చూసిన కళ్ళకు అది వట్టి హాజరు పట్టికలాగే కనిపించింది.

అక్కడి నుంచి చర్చ తిరిగింది. పిన్ని ఎందుకు వస్తోంది? ఆ ఇంట్లో సంపాదించేది బాబాయి ఒక్కడే. తండ్రి లేడు. కేసు నడిస్తే బియ్యం ఎవరు తెస్తారన్నది తల్లి ముందున్న ప్రశ్న. కౌన్సెలింగుతో ఆకలి తీరదు కదా. అప్పుడొకరు 2020 నాటి పోక్సో నిబంధనల్లో 8వ నిబంధనను గుర్తుచేశారు. తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ అవసరాలకు డబ్బు ఇవ్వమని కమిటీ సిఫార్సు చేయవచ్చు; సిఫార్సు అందిన వారంలోగా చెల్లించాలి. 9వ నిబంధన కింద ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం కూడా ఇప్పించవచ్చు. హాల్లో సగంమందికి పైగా ఆ నిబంధన విన్నవారే. తమ కేసులో దానికోసం దరఖాస్తు రాసినవారు మాత్రం చేతులెత్తితే కొద్దిమందే. మధ్యాహ్నం భోజనం తరవాత, ఒక కాగితం మీద కమిటీకి పెట్టుకోవాల్సిన విన్నపం ముసాయిదా అందరూ కలిసి తెలుగులో రాశారు. తల్లిని ఒంటరిగా కలవడానికి అంగన్‌వాడీ టీచరు సాయం ఎలా తీసుకోవాలో మాట్లాడుకున్నారు. రిపోర్టులో 'మాట మార్చింది' అని ముగించకుండా, ఎవరెవరు ఏ తేదీల్లో కలిశారో, ఆ తరవాత పిల్ల ఏమన్నదో వరసగా రాయాలని నిర్ణయించుకున్నారు.

ఇంతకు ముందు అదే 8వ నిబంధన గురించి నేనూ స్లయిడు వేసి చెప్పాను. స్లయిడు మీద అది ఒక నిబంధన. ఆ మధ్యాహ్నం అది ఒక తల్లికి రెండు నెలల బియ్యం.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది గోప్యత. చాలా న్యాయమైన అభ్యంతరం. పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కిందా, పోక్సో 23వ సెక్షన్ కిందా నేరం. అందుకే పేరు, ఊరు, బడి, కులం మార్చి చెప్పాలి, ఫోనులు బయట పెట్టాలి, పంచిన కాగితాలు సాయంత్రం వెనక్కి తీసుకుని చించేయాలి. ఇవన్నీ నేర్పడం కూడా శిక్షణలో భాగమే. నిజానికి గోప్యత ఎక్కువగా దెబ్బతింటున్నది కేసు చర్చల్లో కంటే వాట్సాప్ గ్రూపుల్లో. ఇంటికి వెళ్ళినట్టు రుజువుగా పిల్లతో కలిసి దిగిన ఫొటో పెట్టమని పైనుంచి అడిగితే, కాంట్రాక్టు ఉద్యోగి కాదనలేకపోతోంది. చట్టం పేరు చెప్పి, మర్యాద తప్పకుండా, ఉద్యోగం పోకుండా 'పెట్టలేను సార్' అని ఎలా అనాలో అభ్యాసం చేయించే శిక్షణ ఎక్కడైనా ఉంటే, నేను దానికి నా సొంత ఖర్చుతో వెళతాను.

రెండో అభ్యంతరం పెద్దగా ఎవరూ పైకి అనరు. తన పనితీరు మీద నివేదిక రాసే అధికారి ముందు వరసలో కూర్చుని ఉంటే, ఏ సోషల్ వర్కరూ తనకు తెలియనిది చెప్పుకోదు. అందుకని ఆ అధికారి ప్రారంభోపన్యాసం చేసి వెళ్ళిపోవాలి. ఇది అమర్యాద కాదు. అక్కడ చెప్పుకున్న మాట ఉద్యోగ పునరుద్ధరణ వేళ తన మీదికి రాదన్న నమ్మకం లేకపోతే ఫైలు తెరుచుకోదు. పోలీసులను, డాక్టర్లను, పబ్లిక్ ప్రాసిక్యూటర్లను మాత్రం అప్పుడప్పుడు పిలిచి కలిపి కూర్చోబెట్టాలి. ఒకే పిల్లను నలుగురూ నాలుగుసార్లు అదే ప్రశ్న అడుగుతున్నారని వాళ్ళు ఒకరి ముందు ఒకరు తెలుసుకోవడం అవసరం.

ఇక ఒత్తిడి. ఈ మధ్య ప్రతి శిక్షణలోనూ 'స్వీయ సంరక్షణ' మీద ఒక గంట ఉంటోంది. శ్వాస మీద ధ్యాస పెట్టిస్తారు, కళ్ళు మూసుకోమంటారు. దాన్ని నేను తక్కువ చేయను. ఆ గంట హాయిగా ఉంటుంది. కానీ మా వాళ్ళను రాత్రిళ్ళు నిద్రపోనివ్వనిది వేరే. పిల్లను ఇంటికి పంపమని రాయాలా, వద్దని రాయాలా అన్న నిర్ణయం ఒక్కరి భుజాల మీద ఉండటం. సామాజిక విచారణ, అంటే పిల్ల ఇల్లు, కుటుంబ పరిస్థితుల పరిశీలన, పదిహేను రోజుల్లో పూర్తి చేయాలని చట్టం. ఆ పదిహేను రోజుల్లోనే ఇంకా ఎన్నో కేసులు. పంపితే ఏమవుతుందో, పంపకపోతే ఏమవుతుందో అని కుమిలిపోయే మనిషికి, 'నీ స్థానంలో ఉంటే నేనూ ఇలాగే రాసేదాన్ని' అనో, 'ఆ మేనత్త గురించి ఇంకోసారి కనుక్కో' అనో చెప్పే తోటి మనిషి కావాలి. వైద్యంలో జూనియరుకు సీనియరు ఉంటాడు, వకీలుకు సీనియరు ఉంటాడు. మాకు మాత్రం నెలవారీ ప్రగతి నివేదిక అడిగేవారే ఉన్నారు.

తోటివారితో చర్చ ఎంత ముఖ్యమో కొన్ని దేశాలు నియమాల్లోనే రాసుకున్నాయి. ఇంగ్లండులో సోషల్ వర్కర్లు ఏటా రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలంటే, తాము కొత్తగా నేర్చుకున్నదాని గురించి కనీసం రెండు నమోదులు చేయాలి; వాటిలో ఒకటైనా తోటివారితో చర్చించి రాసినదై ఉండాలి. కాలిఫోర్నియాలో లైసెన్సు ఉన్నవారు రెండేళ్ళకు 36 గంటల శిక్షణ చూపాలి. గంటల లెక్క కంటే ఇంగ్లండు దారే నాకు నచ్చుతుంది. గంటలు కూర్చుని కూడా సంపాదించవచ్చు. నేర్చుకున్నది పనిలో ఏం మార్చిందో రాయాలంటే పని చేసి తీరాలి.

మన దగ్గర ఇంతవరకు సోషల్ వర్కర్లందరికీ వర్తించే మండలి లేదు. 1993లో జాతీయ మండలి కోసం ఒక బిల్లు ముసాయిదా తయారైంది, చట్టం కాలేదు. వైకల్య పునరావాస రంగంలో రిజిస్టరైన నిపుణులకు మాత్రం భారత పునరావాస మండలి నిరంతర విద్యను తప్పనిసరి చేసింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో మెడికల్, సైకియాట్రిక్, క్లినికల్ సోషల్ వర్కర్లను చేర్చింది. ఇది పెద్ద ముందడుగు. అయితే బాలసదనంలో, హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రంలో, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఉన్న సోషల్ వర్కరు ఆ జాబితాలో ఎక్కడ ఇముడుతుందో తెలియదు. పిల్లల ప్రాణాలతో ముడిపడిన నిర్ణయాలు తీసుకునేది ఆమే. ఆమె నిరంతర విద్య ఎవరి బాధ్యతో ఏ చట్టమూ గట్టిగా చెప్పడం లేదు.

మంచి నమూనాలు లేక కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అండతో నడుస్తున్న 'సంవాద్' కార్యక్రమం బాలల పరిరక్షణలో ఉన్నవారికి పాత్రపోషణతో, కథలతో, కేసుల చర్చతో శిక్షణ ఇస్తోంది. ఆ పద్ధతి మన జిల్లాలకు, మన భాషలో రావాలి. పిల్ల తెలుగులో మాట్లాడుతుంది కాబట్టి ప్రశ్న వేయడమూ తెలుగులోనే అభ్యసించాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, చాలామంది మొహమాటపడి దాటేస్తారు గనక. మా వాళ్ళలో అత్యధికులు కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. శిక్షణకు తమ డబ్బుతో బస్సెక్కుతారు, ప్రయాణ భత్యం నెలల తరవాత వస్తుంది, కొన్నిసార్లు రాదు. ఆదివారాలు పిలుస్తారు. చంటిపిల్లలున్న తల్లి మూడు రోజుల నివాస శిక్షణకు రాలేక 'ఆసక్తి లేదు' అనిపించుకుంటుంది. వెళ్ళిన రోజుల్లో ఆమె కేసులు ఇంకెవరూ చూడరు. తిరిగొచ్చేసరికి గడువు దాటినవి బల్ల మీద ఉంటాయి. ఇలా ఉన్నప్పుడు శిక్షణ మీద ఆమెకు విసుగు కలిగితే తప్పు ఆమెది కాదు. డ్యూటీలో ఉన్నట్టు లెక్కగట్టి, భత్యం అదే రోజు చేతికిచ్చి, పనిరోజునే పెట్టాలి.

నేను అడుగుతున్నది పెద్ద భవనాలూ కాదు, పెద్ద పేరున్న వక్తలూ కాదు. నెలకోసారి, రెండు మూడు పొరుగు జిల్లాలు కలిసి, పదీపన్నెండు మంది, ఒక మధ్యాహ్నం. ప్రతిసారీ అదే బృందం, ఎందుకంటే పోయిన నెల చర్చించిన కేసు ఏమైందో ఈ నెల అడగాలి. ఎంఎస్‌డబ్ల్యూ నడిపే కళాశాల దగ్గర్లో ఉంటే అక్కడి అధ్యాపకులు ఒకరు వచ్చి కూర్చోవచ్చు. వారికీ పాఠాలకు పనికొచ్చే సంగతులు దొరుకుతాయి. అనుభవమున్న సీనియరు సోషల్ వర్కరు నడిపిస్తే ఇంకా మంచిది, ఆమెకు ఆ రోజుకు గౌరవ వేతనం ఇవ్వాలి. ఇద్దరు చొప్పున కేసులు తెస్తారు. మిగతావారు ముందు ప్రశ్నలే అడుగుతారు, సలహాలు చివర్లో. ముగిసేముందు ఎవరు ఏ తేదీలోగా ఏం చేస్తారో రాసుకుంటారు. బాలల పరిరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద శిక్షణకు కేటాయించే డబ్బులో కొంత భాగం దీనికి మళ్ళిస్తే చాలు. ఏ జిల్లా మహిళా శిశు సంక్షేమాధికారి అయినా వచ్చే నెలలోనే మొదటి సమావేశం పెట్టవచ్చు. పిలుపు కాగితంలో 'నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోవాలి' అని ఉండే చోట 'మీకు తెగని కేసు ఒకటి తెచ్చుకోండి' అని రాయాలి.